విదేశంలో చదువుకుంటూ డబ్బు, బ్యాంకు పనులు చక్కబెట్టుకోవడం ఎలా

నా మొదటి సెమిస్టర్ ఫీజు గడువు ఒక శుక్రవారం. ఇంటి నుంచి సోమవారమే డబ్బు పంపారు. గురువారం సాయంత్రం యూనివర్సిటీ పోర్టల్ తెరిచి చూస్తే డబ్బు వచ్చింది, కానీ 25 డాలర్లు తక్కువ. పంపిన బ్యాంకుకూ అందుకున్న బ్యాంకుకూ మధ్యలో ఇంకో బ్యాంకు ఉంటుందని, అది తన చార్జీ దారిలోనే కోసుకుంటుందని అప్పటిదాకా నాకు తెలియదు. ఆ 25 డాలర్లకు నా రిజిస్ట్రేషన్ ఆగిపోయింది. అక్కడి అకౌంట్ ఇంకా తెరవలేదు, చేతిలో ఉన్న కార్డును పోర్టల్ తీసుకోలేదు. సోమవారం కౌంటర్ తెరిచాక వెళ్లి ఆ మిగతా సొమ్ము కట్టేసరికి నేను కోరుకున్న ల్యాబ్‌లో సీట్లు అయిపోయాయి.

ఆ తర్వాత తోటి విద్యార్థుల్లో చూసిన ఇబ్బందులు కూడా చాలావరకు ఇలాంటివే. డబ్బు ఎక్కడో ఒకచోట ఉంటుంది, కావలసిన రోజున కావలసిన అకౌంట్‌లో ఉండదు. అందుకే కింద చెప్పే పనులు ఏవి ముందు, ఏవి తర్వాత, ఎప్పటికల్లా అన్న వరుసలోనే చెబుతాను. మీరు ఏ దేశం వెళ్తున్నా ఈ వరుస పెద్దగా మారదు.

బయల్దేరడానికి రెండు నెలల ముందు: తేదీల కాగితం

ఒక కాగితం తీసుకుని, అక్కడ దిగిన రోజు నుంచి మొదటి 60 రోజులు రాయండి. ఏ తేదీన ఏం కట్టాలి, దాని పక్కనే ఆ డబ్బు ఎక్కడి నుంచి, ఏ దారిలో వస్తుంది. అంతే. నెలవారీ బడ్జెట్ తర్వాత వేసుకోవచ్చు. మొదటి రెండు నెలలు మాత్రం మామూలు నెలల్లా ఉండవు. ఇంటి డిపాజిట్, మొదటి నెల అద్దె, ఆరోగ్య బీమా, నివాస పర్మిట్ రుసుము, బస్ పాసు, పరుపూ దుప్పటీ, వంట గిన్నెలు, ఫోన్ కనెక్షన్, పుస్తకాలు అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఇవన్నీ కలిపి చూస్తే మామూలు నెల ఖర్చుకు రెండింతలు దాటినా ఆశ్చర్యం లేదు.

కాగితం మీద రాసేటప్పుడు ఒక పెద్ద తేడా గుర్తుంచుకోండి. వీసా కోసం చూపించే డబ్బు వేరు, దిగిన మర్నాడు ఖర్చు పెట్టుకోగలిగే డబ్బు వేరు. జర్మనీకి వెళ్లేవారు బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలకు ఇంతే తీయగలిగేలా కట్టడి చేసిన ఖాతాలో, ఏడాదికి 11,904 యూరోలు వేయాలి. 2024 సెప్టెంబరు నుంచి ఈ లెక్క నడుస్తోంది. కానీ అందులోంచి చేతికి వచ్చేది నెలకు 992 యూరోలే, అదీ అక్కడ మామూలు కరెంట్ అకౌంట్ తెరిచి దాని నంబరు ఇచ్చాకే. కెనడాకు జీఐసీ అనే డిపాజిట్ చేసి వెళ్లేవారికి కూడా అంతే, కొంత వెళ్లాక వస్తుంది, మిగతాది వాయిదాల్లో వస్తుంది. బ్రిటన్ వీసాకు చూపే సొమ్ము వరుసగా 28 రోజులు అకౌంట్‌లో తగ్గకుండా ఉండాలి. అంటే ఆ 28 రోజుల్లో అదే డబ్బులోంచి ఇంటి అడ్వాన్స్ కడదాం అనుకుంటే కుదరదు. వీసా సొమ్ము చూసుకుని "మన దగ్గర బోలెడుంది" అని ధీమాగా విమానం ఎక్కినవారు మొదటి వారంలోనే స్నేహితుల దగ్గర అప్పు అడగడం నేను చూశాను.

చదువు రుణం తీసుకుంటే బ్యాంకును ఒక్క ప్రశ్న గట్టిగా అడగండి: "నేను అడిగిన రోజు నుంచి ఎన్ని పనిదినాల్లో సొమ్ము విడుదల చేస్తారు, అందుకు ఏ కాగితాలు కావాలి?" ఆ రోజులు మీ ఫీజు గడువు నుంచి వెనక్కి లెక్కేసి, అడగాల్సిన తేదీని కాగితం మీద ఎర్ర సిరాతో రాసుకోండి.

రెండు వారాల ముందు: డబ్బును మూడు చోట్ల పెట్టండి

ఉన్నదంతా ఒకే కార్డులో పెట్టుకుని వెళ్లకండి. ఒక కార్డు పోతుంది, లేదా కొత్త దేశంలో వాడగానే అనుమానం వచ్చి బ్యాంకు దాన్ని ఆపేస్తుంది. వేర్వేరు బ్యాంకులవి, వీలైతే వేర్వేరు నెట్‌వర్కులవి రెండు కార్డులు ఉంచుకోండి. ఒకటి పర్సులో, ఇంకోటి వేరే సంచిలో. నగదు మొదటి వారం రోజులకు సరిపడా చాలు, అందులో చిన్న నోట్లు ఎక్కువ ఉండేలా చూడండి. పెద్ద మొత్తంలో నగదు మోసుకెళ్లాల్సి వస్తే మాత్రం దిగేచోట చెప్పాలి. అమెరికాలో 10,000 డాలర్లు దాటితే, యూరోపియన్ యూనియన్‌లో 10,000 యూరోలు లేదా అంతకు మించి ఉంటే కస్టమ్స్‌కు రాసి ఇవ్వాలి. తీసుకెళ్లడం నేరం కాదు, చెప్పకపోవడమే నేరం.

ఇప్పుడు చాలామంది మరిచిపోయే పని. ఇక్కడి బ్యాంకు ఓటీపీలు ఏ ఫోన్ నంబరుకు వస్తున్నాయో ఆ నంబరు మీరు వెళ్లాక కూడా పనిచేయాలి. సిమ్ తీసి డ్రాయర్‌లో పడేసి వెళ్లిపోతే, అక్కడ అర్ధరాత్రి ఫీజు కట్టబోయినప్పుడు ఓటీపీ ఆ డ్రాయర్‌లోని సిమ్‌కే వస్తుంది. రోమింగ్‌లో కనీసం మెసేజ్‌లు అందేలా పెట్టుకోండి, ఈమెయిల్‌ను కూడా బ్యాంకులో నమోదు చేయించండి, రీచార్జ్ గడువు ఇంట్లో ఎవరికైనా అప్పగించండి. కార్డులకు విదేశీ వాడకం ఆన్ చేసి, రోజుకు ఎంత తీయవచ్చో పరిమితి చూసుకోండి. ఇవన్నీ బ్యాంకు మెట్లు ఎక్కి పది నిమిషాల్లో చేయించుకోగలిగిన పనులు. అక్కడికెళ్లాక ఫోన్‌లో చేయించుకోవాలంటే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది.

దిగిన మొదటి వారం: అకౌంట్

అకౌంట్ తెరవడంలో మొదట ఎదురయ్యే చిక్కుముడి అడ్రస్. ఇల్లు అద్దెకు ఇచ్చేవాళ్లు స్థానిక అకౌంట్ అడుగుతారు, బ్యాంకువాళ్లు ఇంటి అడ్రస్ రుజువు అడుగుతారు. దీన్ని విప్పే దారి సాధారణంగా యూనివర్సిటీలోనే ఉంటుంది. అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకు వెళ్లి, మీ పేరు, కోర్సు, అక్కడి అడ్రస్ రాసి బ్యాంకుకు ఉద్దేశించిన ఉత్తరం ఇవ్వమనండి. చాలా చోట్ల ఇది రోజూ ఇచ్చే ఉత్తరమే. సెమిస్టర్ మొదట్లో రద్దీ ఉంటుంది కాబట్టి దిగిన మర్నాడే అడగండి.

పాస్‌పోర్టు, వీసా, అడ్మిషన్ ఉత్తరం, అడ్రస్ రుజువు తీసుకెళ్లండి. పన్ను నంబరు అడిగితే కంగారు పడొద్దు. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ నంబరు లేకుండా పాస్‌పోర్టు మీదే అకౌంట్ తెరిచే బ్యాంకులు ఉన్నాయి. ఒక బ్రాంచ్ కాదంటే ఇంకో బ్యాంకుకు వెళ్లండి. యూరోపియన్ యూనియన్‌లో చట్టబద్ధంగా ఉంటున్న ఎవరికైనా ప్రాథమిక అకౌంట్ పొందే హక్కు ఉందని 2014లో చేసిన ఆదేశమే ఉంది. జర్మనీలో అయితే అడ్రస్ నమోదు చేయించుకున్నాక పన్ను నంబరు పోస్టులో ఇంటికే వస్తుంది. అందుకే తలుపు దగ్గరి పోస్టు డబ్బా మీద మీ పేరు ఉందో లేదో మొదటి రోజే చూసుకోండి. కార్డు ఒక కవర్లో, దాని పిన్ ఇంకో కవర్లో విడివిడిగా రావడం మామూలే. పేరు లేని డబ్బా నుంచి ఆ కవర్లు వెనక్కి పోతే మళ్లీ రెండు వారాలు.

పేరు గురించి ఒక మాట. పాస్‌పోర్టులో మీ పేరు ఏ వరుసలో, ఏ అక్షరాలతో ఉందో అకౌంట్‌లో కూడా అచ్చంగా అలాగే ఉండాలి. యూనివర్సిటీ రికార్డులో ఒకలా, బ్యాంకులో ఇంకోలా, అద్దె కాగితంలో మరోలా ఉంటే ప్రతి బదిలీ దగ్గరా, చివరికి జీతం దగ్గర కూడా ఎవరో ఒకరు ఆపుతారు.

కౌంటర్ దగ్గర కూర్చున్నప్పుడు మొహమాటపడకుండా అడగాల్సినవి: నెల నెలా చార్జీ ఉందా? కనీస నిల్వ ఎంత? విద్యార్థి అకౌంట్ రాయితీ ఎప్పటిదాకా ఉంటుంది, ఆ తర్వాత దానంతటదే చార్జీ అకౌంట్‌గా మారుతుందా? విదేశం నుంచి డబ్బు వస్తే ఎంత కోస్తారు? అకౌంట్‌లో లేని డబ్బుకు కార్డు గీకితే ఏమవుతుంది? ఈ చివరిదాన్ని ఓవర్‌డ్రాఫ్ట్ అంటారు. కొన్నిచోట్ల దానికి ప్రతిసారీ జరిమానా పడుతుంది. వద్దని చెప్పే వీలు ఉంటే వద్దనే చెప్పండి. కార్డు పనిచేయకపోతే పోయేది ఒక నిమిషం ఇబ్బందే.

బ్యాంకు మూతపడితే డబ్బేమవుతుందన్న భయం కొందరికి ఉంటుంది. అమెరికాలో ఎఫ్‌డీఐసీ అనే ప్రభుత్వ సంస్థ బీమా ఉన్న బ్యాంకులో 2,50,000 డాలర్ల వరకు, యూరోపియన్ యూనియన్ బ్యాంకుల్లో 1,00,000 యూరోల వరకు డిపాజిట్‌కు రక్షణ ఉంది. విద్యార్థి డబ్బుకు అది చాలు. అయితే యాప్‌లో మాత్రమే ఉండే కొన్ని సంస్థలు బ్యాంకులు కావు, వాటికి ఈ రక్షణ నేరుగా వర్తించకపోవచ్చు. అకౌంట్ తెరిచేముందు ఆ ఒక్క విషయం చూసుకోండి.

ఇంటి నుంచి డబ్బు తెప్పించుకునేటప్పుడు

నా 25 డాలర్ల కథ ఇక్కడిదే కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెబుతాను.

విదేశానికి డబ్బు పంపితే రెండు చోట్ల ఖర్చవుతుంది. ఒకటి పైకి కనిపించే ఫీజు. రెండోది రేటులో దాగి ఉంటుంది. బ్యాంకులు తమలో తాము మార్చుకునే అసలు రేటు ఒకటి ఉంటుంది, ఇంటర్నెట్‌లో వెతికితే కనిపించేది దాదాపు అదే. మీకు ఇచ్చే రేటు దానికన్నా కొంచెం తక్కువ. ఆ తేడా వాళ్ల లాభం. ఉదాహరణకు అసలు రేటు ప్రకారం ఇంటి దగ్గరి సొమ్ము 1,00,000కి అక్కడ 1,000 యూరోలు రావాలనుకుందాం. ఒక సంస్థ "ఫీజు సున్నా" అంటుంది, కానీ చేతికి 972 యూరోలు వస్తాయి. ఇంకో సంస్థ 700 ఫీజు తీసుకుని అసలు రేటు ఇస్తుంది, చేతికి 993 వస్తాయి. ఫీజు లేనిదే 21 యూరోలు ఎక్కువ ఖరీదు పడింది. కాబట్టి ఫీజు ఎంత, రేటు ఎంత అని విడివిడిగా చూడకండి. "నేను ఇంత కడితే అవతల అకౌంట్‌లో సరిగ్గా ఎంత పడుతుంది?" అని రెండు మూడు చోట్ల ఒకే రోజు అడగండి. వచ్చిన అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి.

బ్యాంకు ద్వారా పంపేటప్పుడు ఫారంలో చార్జీలు ఎవరివి అని ఒక గడి ఉంటుంది. అందులో మూడు మాటలుంటాయి: అవర్ (OUR), షా (SHA), బెన్ (BEN). అవర్ అంటే చార్జీలన్నీ పంపేవారివి. షా అంటే చెరి సగం లాంటిది, పంపే బ్యాంకు చార్జీ పంపేవారు, మిగతావి అందుకునేవారు. బెన్ అంటే అన్నీ అందుకునేవారివి. మా ఇంట్లో నింపిన ఫారంలో షా అని ఉంది. అది ఎవరూ కావాలని ఎంచుకున్నది కాదు, అచ్చులో ముందే టిక్కు పెట్టి ఉంది. ఫీజు కట్టేటప్పుడు అవర్ ఎంచుకోండి. అప్పుడు కూడా ఒక్కోసారి ఏదో ఒకటి తగ్గి అందుతుంది కాబట్టి, యూనివర్సిటీ ఒప్పుకుంటే కొద్దిగా ఎక్కువే పంపండి. మిగిలింది సాధారణంగా మీ ఖాతాలోనే జమ ఉంటుంది.

నంబర్ల దగ్గర ఒక్క అంకె తప్పినా డబ్బు వారాల తరబడి ఎక్కడో చిక్కుకుపోతుంది. బ్యాంకును గుర్తించే స్విఫ్ట్ కోడ్‌లో 8 లేదా 11 అక్షరాలు ఉంటాయి. యూరప్ దేశాల్లో అకౌంట్‌కు ఐబ్యాన్ అనే పొడవాటి అంతర్జాతీయ ఖాతా నంబరు ఉంటుంది, దాని మొదటి రెండు అక్షరాలు దేశాన్ని చెబుతాయి. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాలకు ఐబ్యాన్ లేదు. బ్యాంకును గుర్తించడానికి అమెరికాలో 9 అంకెల రౌటింగ్ నంబరు, ఆస్ట్రేలియాలో 6 అంకెల బీఎస్‌బీ వాడతారు. వీటిని చేత్తో రాసి ఫొటో తీసి పంపకండి. బ్యాంకు యాప్ నుంచి కాపీ చేసి మెసేజ్‌గా పంపండి, తర్వాత వీడియో కాల్‌లో ఒక్కో అంకె చదివించుకోండి. మొదటిసారి చిన్న మొత్తం పంపించి, అది చేరాకే పెద్ద మొత్తం పంపించండి. ఫీజు అయితే వివరాల గడిలో మీ విద్యార్థి నంబరు తప్పనిసరిగా ఉండాలి. లేకపోతే డబ్బు యూనివర్సిటీకి చేరినా అది ఎవరిదో వాళ్లకు తెలియదు.

పంపిన వెంటనే స్విఫ్ట్ కాపీ, అంటే ఆ బదిలీ వివరాలున్న బ్యాంకు కాగితం, అడిగి తీసుకోమని ఇంట్లో చెప్పండి. అందులో యూఈటీఆర్ అనే పొడవాటి గుర్తింపు నంబరు ఉంటుంది. డబ్బు ఆలస్యమైతే "పంపాం, పంపాం" అని ఫోన్‌లో వాదించుకోవడం కన్నా ఆ నంబరు ఇస్తే బ్యాంకువాళ్లు అది ఏ బ్యాంకు దగ్గర ఆగిందో చూసి చెప్పగలరు. ఆ కాపీని యూనివర్సిటీ ఫీజు ఆఫీసుకు మెయిల్ చేస్తే చాలాసార్లు గడువు విషయంలో కొంత ఆగుతారు కూడా.

ఎన్ని రోజుల ముందు పంపాలి? గడువుకు కనీసం పది పనిదినాల ముందు. శని ఆదివారాలు, రెండు దేశాల సెలవులు కలిసొస్తే వారం ఇట్టే గడిచిపోతుంది.

ఏటీఎం అడిగే ఆ ప్రశ్న

ఇంటి కార్డుతో అక్కడ డబ్బు తీస్తున్నప్పుడు తెర మీద ఒక ప్రశ్న వస్తుంది. మీకు మీ దేశం కరెన్సీలో ఎంతవుతుందో చూపించి, ఈ రేటుకు ఒప్పుకుంటారా అని అడుగుతుంది. ఒప్పుకునే బటన్ పెద్దగా, రంగుగా ఉంటుంది. వద్దనేది పక్కన చిన్నగా ఉంటుంది, కొన్ని యంత్రాల్లో వద్దంటే లావాదేవీ రద్దయిపోతుందేమో అనిపించేలా రాసి ఉంటుంది. అలసటగా, వెనక నలుగురు నిలబడి ఉన్నప్పుడు తెలిసిన కరెన్సీ కనిపించగానే వేలు పెద్ద బటన్ మీదికే పోతుంది. ఆగండి. ఆ రేటు ఏటీఎం నడిపేవాళ్లు పెట్టింది, సాధారణంగా మీ బ్యాంకు ఇచ్చేదానికన్నా బాగా తక్కువ. వద్దు నొక్కండి. డబ్బు వస్తుంది, మార్పిడి మీ బ్యాంకే చేసుకుంటుంది. దుకాణంలో కార్డు యంత్రం అడిగినా ఇదే జవాబు: ఏ దేశంలో ఉంటే ఆ దేశం కరెన్సీ.

నెల నడిపే పద్ధతి

వీలైతే రెండు అకౌంట్లు, లేదా ఒకే బ్యాంకులో రెండు విభాగాలు పెట్టుకోండి. మొదటిదాంట్లో అద్దె, బీమా, ఫోన్, రుణం వాయిదా. దానికి కార్డు వాడొద్దు. రెండోదాంట్లో తిండి, బస్సు, చిన్నాచితకా. నెల డబ్బు రాగానే మొదటిది నింపి, మిగిలినదాన్ని నాలుగున్నరతో భాగించి ప్రతి సోమవారం ఆ వాటా రెండోదాంట్లోకి మార్చుకోండి. నెలకు నాలుగు వారాలు అని లెక్కేస్తే చివరి మూడు రోజులు చేతిలో చిల్లిగవ్వ ఉండదు. నేను మొదటి ఆరు నెలలూ ఈ తప్పే చేశాను.

ప్రతి చిన్న వస్తువు ధరనూ ఇంటి కరెన్సీలోకి మార్చి చూసే అలవాటు మొదటి నెల తర్వాత మానుకోండి. అలా చూస్తే సరైన తిండి కూడా కొనబుద్ధి కాదు. చలికోటు కొనకుండా జ్వరంతో పడుకున్నవాళ్లు నాకు తెలుసు. కానీ పెద్ద ఖర్చులు, అంటే ల్యాప్‌టాప్, ప్రయాణాలు, కొత్త ఇంటి డిపాజిట్ లాంటివి మాత్రం మార్చి చూడండి. అప్పుడే వాటి అసలు బరువు తెలుస్తుంది.

చందాల మీద ఒక కన్నేసి ఉంచండి. విద్యార్థులకు ఆరు నెలలు ఉచితం అని చెప్పేవి ఏడో నెల నుంచి చప్పుడు లేకుండా కోయడం మొదలుపెడతాయి. చేరిన రోజే రద్దు చేయాల్సిన తేదీ ఫోన్‌లో పెట్టుకోండి.

ఇంటి డిపాజిట్

గది చూడకుండా, లేదా నమ్మకమైనవారు మీ తరఫున చూడకుండా డబ్బు పంపకండి. ఓనరు వేరే దేశంలో ఉన్నాడు, తాళాలు కొరియర్ చేస్తాడు అని చెబితే అది మోసమే అనుకోండి. డిపాజిట్ నగదుగా కాక బ్యాంకు ద్వారానే ఇవ్వండి, రసీదు తీసుకోండి. ఇంట్లో దిగిన రోజు సామాను సర్దకముందే గోడలు, పరుపు, స్టవ్, బాత్రూం వీడియో తీసి అదే రోజు ఓనరుకు మెయిల్ చేయండి. ఇంగ్లండ్‌లో సాధారణ అద్దె ఒప్పందం కింద ఇచ్చిన డిపాజిట్‌ను ఓనరు 30 రోజుల్లో ప్రభుత్వం ఆమోదించిన రక్షణ పథకంలో నమోదు చేయాలి. మీరు చదివే దేశంలో అలాంటి నియమం ఉందేమో విద్యార్థి సంఘం ఆఫీసులో అడిగితే చెబుతారు.

క్రెడిట్ కార్డు ఎప్పుడు

వెళ్లగానే వద్దు. రెండు మూడు నెలలు డెబిట్ కార్డుతో నడిపి, నెల ఖర్చు ఎంతో తెలిశాక తీసుకోండి. అమెరికా, కెనడా లాంటి చోట్ల అప్పు చరిత్ర లేకపోతే ఇల్లు అద్దెకు దొరకడం కూడా కష్టమవుతుంది కాబట్టి ఒకటి ఉండడం మంచిదే. మీకు చరిత్ర లేదని కాదంటే, కొంత డిపాజిట్ పెట్టి తీసుకునే సెక్యూర్డ్ కార్డు అడగండి. అప్పు తీర్చడంలో మీరెంత నమ్మకస్తులో చెప్పడానికి అమెరికాలో ఎక్కువగా వాడే ఫైకో స్కోరు 300 నుంచి 850 వరకు ఉంటుంది, అందులో 35 శాతం బరువు బిల్లులు వేళకు కట్టారా లేదా అన్నదానిదే. ఒక్క చిన్న చందాను ఆ కార్డుకు తగిలించి, బిల్లు మొత్తం ఆటోమేటిక్‌గా కట్టేలా పెట్టండి. కనీస మొత్తం మాత్రమే కట్టే ఎంపిక పెట్టుకుంటే వడ్డీ తడిసి మోపెడవుతుంది.

కార్డు పోతే ఆ నిమిషమే యాప్‌లో లాక్ చేసి బ్యాంకుకు చెప్పండి. అమెరికా చట్టం ప్రకారం డెబిట్ కార్డు పోయిందని తెలిసిన రెండు పనిదినాల్లో చెబితే మీ మీద పడే నష్టం 50 డాలర్లు దాటదు. ఆలస్యం చేస్తే 500 దాకా పోవచ్చు. స్టేట్‌మెంట్ వచ్చి 60 రోజులు దాటినా అందులోని దొంగ లావాదేవీ గురించి చెప్పకపోతే ఆ తర్వాత జరిగే నష్టానికి హద్దే ఉండదు. అందుకే నెలకోసారి స్టేట్‌మెంట్ చదవండి.

పార్ట్‌టైం పని, పన్ను

పని దొరుకుతుందన్న నమ్మకంతో మొదటి సెమిస్టర్ ఖర్చు లెక్క వేయకండి. దొరికినా గంటలకు హద్దుంటుంది. తరగతులు జరిగే కాలంలో బ్రిటన్‌లో డిగ్రీ విద్యార్థులకు సాధారణంగా వారానికి 20 గంటలు, కెనడాలో క్యాంపస్ బయట 24 గంటలు, ఆస్ట్రేలియాలో రెండు వారాలకు 48 గంటలు. అమెరికాలో ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవారికి మొదట్లో క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటలు. ఈ హద్దు దాటించి నగదు చేతిలో పెడతామనేవాళ్లు దొరుకుతారు. ఆ డబ్బు కోసం వీసాను పణంగా పెట్టకండి. జీతం ఎగ్గొట్టినా మీరు ఎవరికీ ఫిర్యాదు చేయలేరని వాళ్లకు తెలుసు.

ప్రతి జీతం చీటీ దాచండి. అమెరికాలో ఎఫ్-1 విద్యార్థులకు మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాలు సాధారణంగా జీతంలోంచి సోషల్ సెక్యూరిటీ (పెన్షన్), మెడికేర్ (వృద్ధుల ఆరోగ్య బీమా) కోతలు ఉండవు. పొరపాటున కోస్తే వెనక్కి అడగవచ్చు. ఒక్క డాలరు సంపాదించకపోయినా ఆ అయిదేళ్లూ అక్కడి పన్ను శాఖకు ఫారం 8843 పంపాలి. ఆస్ట్రేలియాలో పన్ను నంబరు యజమానికి ఇవ్వకపోతే అత్యధిక రేటులో పన్ను కోస్తారు, కాబట్టి పని మొదలయ్యేలోపే దానికి దరఖాస్తు చేయండి.

మోసాలు

విద్యార్థుల మీద పన్నే వలలు కొన్నే ఉంటాయి, మాటలే మారతాయి.

అన్నిటికన్నా ప్రమాదమైనది మీ అకౌంట్‌ను అడగడం. "నీ ఖాతాలోకి కొంత డబ్బు వస్తుంది, అందులో కొంత ఉంచుకుని మిగతాది ఫలానా చోటికి పంపు" అంటారు. అది దొంగ సొమ్ము, మీరు దాన్ని కడిగిపెట్టే మనిషి అవుతారు. తెలియక చేశానన్నా అకౌంట్ మూసేస్తారు, కేసు కావచ్చు. బ్రిటన్‌లో మోసం చేశారన్న గుర్తు పేరు మీద పడితే ఆరేళ్ల దాకా ఉండొచ్చు, ఇంకో బ్యాంకు అకౌంట్ ఇవ్వకపోవచ్చు. చదువయ్యాక తిరిగి వెళ్లేటప్పుడు అకౌంట్ అమ్మేయమని అడిగేవాళ్లు కూడా ఇందుకోసమే.

రెండోది ఫీజు తగ్గింపు. "మీ ఫీజు మేం కడతాం, మాకు పది శాతం తక్కువ ఇవ్వండి" అంటారు. పోర్టల్‌లో ఫీజు కట్టినట్టు కనిపిస్తుంది, మీరు నమ్మి డబ్బు ఇస్తారు. కొన్ని వారాలకు అది దొంగిలించిన కార్డుతో కట్టిందని తేలి యూనివర్సిటీ ఆ సొమ్ము వెనక్కి ఇచ్చేస్తుంది. మీ డబ్బు పోతుంది, ఫీజు బాకీ మిగులుతుంది.

మూడోది వీసా అధికారులమనో, పోలీసులమనో వచ్చే ఫోన్. కాల్ పెట్టేయొద్దంటారు, ఎవరికీ చెప్పొద్దంటారు, గిఫ్ట్ కార్డుల్లోనో క్రిప్టోలోనో కట్టమంటారు. ఏ ప్రభుత్వ ఆఫీసూ అలా వసూలు చేయదు. ఫోన్ పెట్టేసి, ఆ ఆఫీసు నంబరు మీరే వెతికి మీరే చేయండి. ఇప్పటికే డబ్బు పంపేసి ఉంటే సిగ్గుపడి దాచకండి, వెంటనే బ్యాంకుకు ఫోన్ చేయండి. మొదటి కొన్ని గంటల్లో చెబితే ఆపగలిగే అవకాశం ఎక్కువ.

డబ్బు చాలదని తెలిసిన రోజున

గడువుకు ముందే వెళ్లండి. ఫీజు ఆఫీసువాళ్లు గడువుకు రెండు వారాల ముందు వచ్చినవారికి వాయిదాలు కట్టే వీలు ఇవ్వగలరు, గడువు దాటాక వచ్చినవారికి జరిమానా వేయక తప్పదు. చాలా యూనివర్సిటీల్లో ఇబ్బందుల్లో ఉన్న విద్యార్థులకు అత్యవసర నిధి ఉంటుంది. ఎవరూ ప్రచారం చేయరు, అడిగినవారికే తెలుస్తుంది. బ్యాంకు స్టేట్‌మెంటు, మీరు రాసుకున్న తేదీల కాగితం రెండూ పట్టుకెళ్లండి. ఏ రోజున ఎంత తక్కువ పడుతుందో మీరు అంకెల్లో చూపిస్తే అవతలివారికి సాయం చేయడం తేలికవుతుంది. ఇంట్లోవాళ్లకూ చెప్పండి. వాళ్లు టెన్షన్ పడతారని దాచిపెట్టి, అధిక వడ్డీ యాప్‌లలో అప్పు చేసినవారి సంగతి ఆ ఇంట్లోవాళ్లకు ఆలస్యంగా తెలిసినప్పుడు పడ్డ బాధ ఇంకా పెద్దది.

తిరిగి వచ్చేటప్పుడు

అకౌంట్‌ను విమానం ఎక్కే ముందు మూసేయాలని తొందరపడకండి. ఇంటి డిపాజిట్, చివరి జీతం, పన్ను రిఫండ్, కరెంటు బిల్లులో మిగిలింది అన్నీ మీరు వెళ్లిపోయాకే వస్తాయి. బ్యాంకు ఒప్పుకుంటే మూడు నాలుగు నెలలు తెరిచి ఉంచి, అడ్రస్, ఫోన్ నంబరు మార్పించుకోండి. ఆస్ట్రేలియాలో పని చేసి ఉంటే యజమాని మీ పేరిట కట్టిన పెన్షన్ సొమ్మును దేశం వదిలి, వీసా ముగిసిన తర్వాత పన్ను పోను వెనక్కి అడగవచ్చు. చదివిన కాలం మొత్తానికి స్టేట్‌మెంట్లు, జీతం చీటీలు, పన్ను కాగితాలు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, అకౌంట్ మూసేశాక యాప్‌లోకి వెళ్లలేరు. రావాల్సినవన్నీ వచ్చాక మిగతా సొమ్ము ఇంటి అకౌంట్‌కు పంపి, అకౌంట్ మూసినట్టు బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి.